అద్దె కాగితంలో నాలుగో పేరు

ఫిబ్రవరి 10, సోమవారం

గౌరవనీయులైన వదినగారికి నమస్కారాలు.

మీ అబ్బాయీ, మా అమ్మాయీ, మన మనవరాలు పిడుగూ క్షేమంగా ఉన్నారు. నిన్ననే కదా ఫోన్లో మాట్లాడుకున్నాం, ఇవాళ ఉత్తరమేమిటని మీకు అనిపించవచ్చు. ఈ ఇంట్లో ఫోను అందరికీ వినబడేలా పెట్టే మాట్లాడతారు. రెండు గదుల మధ్య ఉన్నది గోడ కాదు, పలచటి చెక్క. ఇటు తుమ్మితే అటు నుంచి "చిరంజీవ" అంటారు. నేను చెప్పబోయే మాట మీ ఒక్కరికే తెలియాలి. ఏప్రిల్ ఒకటిన ఈ ఇంటి అద్దె కాగితం మళ్ళీ రాసుకుంటారు. ఆలోగా నేనొక నిర్ణయం తీసుకోవాలి. తీసుకున్నాను కూడా. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మీరడిగిన వాటికి జవాబులు చెబుతాను. వచ్చే ఏడాది మీరూ అన్నయ్యగారూ ఈ దేశానికే వచ్చి స్థిరపడతారు కాబట్టి ఏదీ దాచను. మేముండేది బట్టలుతికే దుకాణం మీద వాటా. దుకాణమూ వాటా రెండూ ఒకావిడవే. లాండ్రీ ఆవిడ అంటాం. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ మా అల్మారాలో గిన్నెలు వాటంతటవే మోగుతుంటాయి. అద్దెకి మీ అబ్బాయి జీతంలో సగానికి పైగా పోతుంది. దిగేముందు మూడు నెలల అద్దె ఒక్కసారే పోశారు. మీ అబ్బాయి అక్కడ ఇంజనీరు, ఇక్కడ లిఫ్టుల గుంటలోకి దిగి గ్రీజు రాస్తాడు. చదువుల కాగితాలకి ఇక్కడి ముద్ర పడేదాకా అంతే. మా అమ్మాయి మందుల షాపులో కౌంటరు మీద నిలబడుతూ ఫార్మసీ పరీక్షకి చదువుతోంది. ఇద్దరూ కష్టపడతారు. దుబారా లేదు. నా పెన్షన్లోంచి నెలనెలా నా వంతు అమ్మాయి చేతిలో పెడతాను. కూతురింట్లో ఊరికే కూర్చుని తినే రకం కానని మీకు తెలుసు.

ఇక వైద్యం. దీని గురించి మీరు అడగలేదు గానీ అడగవలసింది ఇదే. వచ్చేటప్పుడు కట్టిన ప్రయాణపు ఇన్సూరెన్సు మూడు నెలలకే అయిపోతుంది, నాది అయిపోయింది కూడా. ఆ తర్వాత ప్రభుత్వం వాళ్ళ ఆరోగ్య కార్డు తీసుకోవాలి. కార్డు లేకుండా ఆస్పత్రి గడప తొక్కితే, తిరిగొచ్చేటప్పుడు చేతిలో పెట్టే బిల్లుతో మన వైపు చిన్న ఇల్లు కొనొచ్చు. కార్డు కోసం అమ్మాయిని మూడుసార్లు అడిగాను. "తర్వాత చూద్దాంలే అమ్మా" అంది మూడుసార్లూ. తర్వాత అన్న మాట నేను బళ్ళో పిల్లలనే అననిచ్చేదాన్ని కాదు. పోయిన గురువారం పిడుగుని బడిలో దింపి, సొరుగులోంచి అద్దె కాగితం నకలు తీసుకుని ఆ ఆఫీసుకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ చిరునామాలో ఉంటున్నామని రుజువు చూపించాలి కదా.

చదవకుండా ఏ కాగితమూ ఎవరి ముందూ పెట్టను కాబట్టి బస్సులోనే చదివాను. అద్దెకుండేవారు: మీ అబ్బాయి, మా అమ్మాయి. వారితో నివసించేవారు: ఒక కుమార్తె. అంతటితో అయిపోయింది. ఇంకో పేజీ ఉందేమోనని తిరగేసి చూశాను. కౌంటరు దగ్గర గుమాస్తా కూడా తిరగేసి చూశాడు.

"ఇందులో మీ పేరు లేదండీ."

"మా అమ్మాయి పేరుందిగా."

"ఆవిడకి కార్డు ఎప్పుడో ఇచ్చేశాం. మీరెక్కడుంటున్నారు?"

"ఆ ఇంట్లోనే."

"అద్దె కడుతున్నారా?"

"నా వంతు కడుతున్నాను. అమ్మాయి చేతికిస్తాను."

"రసీదుందా?"

"కన్నకూతురి దగ్గర రసీదు తీసుకుంటారా నాయనా ఎవరైనా?"

"మరి కన్నకూతురు పేరు రాయించి ఉండాల్సిందండీ" అన్నాడు. వెటకారంగా అని ఉంటే నాలుగు దులిపి వచ్చేదాన్ని. జాలిగా అన్నాడు. కూరల వాడి దగ్గర కూడా చీటీ రాయించుకునే మనిషిని, చేతిలో ఏ చీటీ లేకుండా వెనక్కి వచ్చాను.

మరిచిపోయి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను, వదినగారూ. కానీ నిన్న మీతో మాట్లాడాక నేను ఇటు గదిలో బట్టలు మడతపెడుతుంటే అటు నుంచి వినబడింది. "ఏప్రిల్లో కొత్త కాగితం రాస్తారుగా, అమ్మ పేరు..." అని అమ్మాయి అంటోంది. "వద్దు. అత్తయ్య పేరు వద్దు. ఇంకోసారి ఆ మాట ఎత్తకు" అన్నాడు మీ అబ్బాయి. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అమ్మాయి మారు మాట్లాడలేదు. అంటే మరుపు కాదు, కావాలనే చేశారు. వండటానికి, పిడుగుని తేవడానికి, తలుపు తీయడానికి ఈ ఇంట్లో నలుగురం. లెక్క రాసేటప్పుడు ముగ్గురు.

అతను మీ బిడ్డ. మీకు ఫిర్యాదు చెయ్యడం లేదు. నిర్ణయం చెబుతున్నాను. రెండు నెలలుగా నాకు కుడి డొక్క కింద నొప్పి వస్తోంది. తిన్న గంటకి మొదలై వెనక భుజం దాకా పాకుతుంది. అరగలేదని చెప్పి పడుకుంటున్నాను. ఇక్కడ చూపించుకుంటే వాళ్ళు దాచుకున్నదంతా ఊడ్చుకుపోతుంది. అడిగి పేరు రాయించుకోవడం నా వల్ల కాదు. కాబట్టి ఏప్రిల్ మొదట్లో వచ్చేస్తాను. నా ఇల్లు ఖాళీ చేసి సామాను తమ్ముడింట్లో పెట్టి వచ్చానని మీకు తెలుసు. అక్కడ ఉండలేను, మా మరదలికీ నాకూ ఉప్పూ నిప్పూ. మీ వీధిలో, పెద్దాస్పత్రికి దగ్గరగా, ఒక గది, వంటిల్లు అద్దెకి చూడండి. జవాబు ఉత్తరంలోనే రాయండి, నా పేరున ఈ చిరునామాకి. ఫోన్లో ఒక్క ముక్క కూడా వద్దు. మీ అబ్బాయికి అసలే వద్దు.

ఇంత సాయం మిమ్మల్ని అడుగుతానని నేనెన్నడూ అనుకోలేదు. పెళ్ళయిన నాటి నుంచి మనం ఒక మూర దూరంలోనే నిలబడి మాట్లాడుకున్నాం. అయినా మీరు మాట దాచగలరు. అందుకే రాశాను.

గౌరవంతో,
మీ వియ్యపురాలు


మార్చి 12, బుధవారం

వదినగారికి,

మీ జవాబు రాలేదు. ఉత్తరం చేరడానికి పది రోజులు, రావడానికి పది రోజులు, మీరు ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు వేసుకున్నాను. అవన్నీ దాటిపోయాయి. ఆదివారాలు ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నారు, ఎండల గురించీ, అన్నయ్యగారి కళ్ళజోడు గురించీ. మీ గొంతులో ఏ తేడా లేదు. నా ఉత్తరం మీకు కోపం తెప్పించిందనుకుంటున్నాను. కొడుకు మీద మాట పడితే ఏ తల్లికైనా అంతే. మీ స్థానంలో నేనున్నా జవాబు రాయకపోదును. అయినా మళ్ళీ రాస్తున్నాను. ఇంకెవరికి రాయను?

ఇంట్లో చెప్పేశాను. చలి పడటం లేదు, వెళ్ళిపోతానన్నాను. ఇద్దరూ అన్నాలు తింటున్నారు. అమ్మాయి ముద్ద కలుపుతూ ఆగి, తలెత్తకుండా "నీ ఇష్టం అమ్మా" అంది. అంతే. ఎందుకని అడగలేదు. ఉండమని అనలేదు. మీ అబ్బాయి, "టిక్కెట్టు నేను తీస్తానత్తయ్యా. మీరు డబ్బు ఖర్చు పెట్టకండి" అన్నాడు. చూశారా ఎంత తొందరో. వద్దని, నా డబ్బుతోనే కొన్నాను. ఏప్రిల్ రెండో తేదీకి. ఒకటిన వాళ్ళ కాగితం, రెండున నా ప్రయాణం. ఎవరి పని వారికి సులువు.

పిడుగు మాత్రం ఊరుకోలేదు. "నువ్వెళ్ళిపోతే నన్ను బడి నుంచి ఎవరు తెస్తారు?" అంది. మీ నాన్నమ్మ వస్తుందిలే అన్నాను. "నాన్నమ్మకి మన బస్సు నంబరు తెలీదు కదా" అంది.

నొప్పి సంగతి. ఇదివరకు తిన్నాక వచ్చేది, ఇప్పుడు తినకపోయినా వస్తోంది. మొన్న శనివారం చలి పుట్టి ఒణికాను. దుప్పటి మీద దుప్పటి కప్పుకుని, పళ్ళ చప్పుడు వినబడకుండా నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఆ చెక్క గోడ సంగతి చెప్పాను కదా. మర్నాడు తల దువ్వుతుంటే పిడుగు నా మొహం రెండు చేతులతో పట్టుకుని, "అమ్మమ్మా, నీ కళ్ళు పసుపు రంగేసినట్టున్నాయి" అంది. బల్బు వెలుతురులే అన్నాను. అద్దంలో చూసుకున్నాను. బల్బు కాదు. అప్పటి నుంచి ఇంట్లో కూడా ఎండకద్దాలు పెట్టుకుంటున్నాను, కళ్ళు మండుతున్నాయని చెప్పి. అమ్మాయి ఎదటపడకుండా, తను వచ్చే వేళకి పడుకుంటున్నాను. మందుల షాపులో పనిచేసే పిల్ల కదా, చూస్తే పట్టేస్తుంది.

ఇది కామెర్లని నాకు తెలుసు. ఎందుకు వచ్చాయో తెలియదు. ఇంకా మూడు వారాలుంది. మూడు వారాలు లాగగలనా అన్నదే నా భయం, వదినగారూ. లాగలేక ఇక్కడ పడిపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఆ భయం రెట్టింపవుతోంది. లాండ్రీ ఆవిడ కొత్త కాగితానికి అద్దె పెంచుతోంది. ఈ పిల్లలు నా వల్ల అప్పులో పడితే, మా అమ్మాయి పరీక్ష ఫీజు కట్టలేకపోతుంది. పరీక్ష రాయకపోతే కౌంటరు మీదే ఉండిపోతుంది. మీ అబ్బాయి లిఫ్టు గుంటలోనే ఉండిపోతాడు. ఒక ముసలిదాని డొక్కనొప్పికి ఇంత ఖరీదు తగదు. లెక్క వేసే చెబుతున్నాను, నిష్ఠూరంగా కాదు.

గది దొరక్కపోతే ఆస్పత్రి పక్కన సత్రం లాంటిదేదైనా సరే. కోపం ఉంటే ఉండనివ్వండి. ఒక్క ముక్క రాయండి చాలు.

మీ వియ్యపురాలు


ఏప్రిల్ 6, ఆదివారం. ఆస్పత్రి నుంచి.

వదినా,

ఫోన్లో రోజూ మాట్లాడుతున్నాం, మీ అబ్బాయి మీకు అంతా చెప్పాడు. అయినా రేపు పొద్దున్న ఆపరేషను కాబట్టి జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసి పెట్టాలనిపించింది. మీ అబ్బాయి చెప్పిన దాంట్లో అతని తప్పు ఎక్కువగానూ నా తప్పు తక్కువగానూ ఉంటుంది. అది సరిచెయ్యాలి.

మీరు జవాబు రాశారు. వెంటనే రాశారు. మా పోస్టుపెట్టె మీద రెండు పేర్లే ఉన్నాయి. ఇక్కడ పెట్టె మీద లేని పేరుకి ఉత్తరం వేయరట. పోస్టతను "ఈ చిరునామాలో ఇటువంటి వ్యక్తి లేరు" అని ముద్ర కొట్టి వెనక్కి పంపేశాడు. నేను మీకు కోపమనుకున్నాను. మీరేమో జవాబు నాకు అందింది కదా, ఫోన్లో వద్దన్నాను కదా అని ఆదివారమాదివారం ఎండల గురించి మాట్లాడారు. ఇద్దరం కలిసి ఎంత క్రమశిక్షణగా ఉన్నామో చూడండి. ఆ ముద్ర చూసి, పక్కనే నా రెండో ఉత్తరం పెట్టుకుని, మీరు ఎంత కంగారు పడి ఉంటారో నేను ఊహించగలను. మాట తప్పి మీ అబ్బాయికి ఫోన్ చేసినందుకు మిమ్మల్ని ఏమీ అనను. మీరు మాట నిలబెట్టుకుని ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

ఆ రోజు బుధవారం. మధ్యాహ్నం వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నాను. మీ అబ్బాయి పని మధ్యలో వచ్చేశాడు. చేతులకి గ్రీజు అలాగే ఉంది, బూట్లు కూడా విప్పలేదు. గుమ్మంలో నిలబడి అన్నాడు.

"అత్తయ్యా, అమ్మ ఫోన్ చేసింది. మీరు ఈ అడ్రసులో లేరట."

"కాగితం మీద లేనుగా బాబూ. పోస్టతను సరిగ్గానే రాశాడు."

"ఎవరు చెప్పారు మీకు?"

"నువ్వే చెప్పావు. అత్తయ్య పేరు వద్దన్నావు. విన్నాను."

అతను అక్కడే, గుమ్మంలోనే, నేల మీద కూలబడ్డాడు. అప్పుడు చెప్పాడు. అద్దె కాగితం మీద పెద్దవాళ్ళ పేరు రాయాలంటే వాళ్ళు సంతకం పెట్టాలట. సంతకం పెట్టిన ప్రతివాళ్ళూ మొత్తం అద్దెకి పూచీ. "నా ఉద్యోగం పోయి, నేను కట్టలేని నెల వచ్చిందనుకోండి. వాళ్ళు మీ పెన్షన్ మీదకి వస్తారు. మామయ్యగారు బతికుంటే ఆ కాగితం ఆయన ముందు పెట్టగలనా? అల్లుణ్ణి, అత్తగారి చేత నా అద్దెకి పూచీ పెట్టించుకోనా? మా అమ్మకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానిస్తుందా?" అన్నాడు. పేరు లేకపోతే కార్డు రాదని అతనికి తెలియదు. అమ్మాయికి అనుమానం ఉంది. అడగబోతే అతను నొచ్చుకుంటాడని ఆగింది. ఏదో ఒక దారి చూసి నాకు చెబుదామని "తర్వాత, తర్వాత" అంటూ వచ్చింది.

చూశారా వదినా. నన్ను లెక్కలోంచి తీసేశారని నేను కుమిలిపోతున్నది, నాకు మర్యాద చేద్దామని వాళ్ళు చేసిన పని. అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెబుతాను, ఏమీ అనుకోకండి. పెళ్ళిలో పందిరి వేసినవాడి బాకీ గురించి కూడా మీరు మాతో నేరుగా మాట్లాడలేదు. మీ అబ్బాయి మేనమామని పంపారు. ఆయన మా తమ్ముడికి చెప్పాడు. మా తమ్ముడు నాకు చెప్పేసరికి అది రెట్టింపయింది. ఆ కడుపున పుట్టినవాడు అత్తగారి ముందు అద్దె మాట ఎత్తుతాడా?

"టిక్కెట్టు నేను తీస్తానన్నావు కదా, పంపెయ్యాలని అంత తొందరా?" అని అడిగేశాను, అడగకూడదనుకుంటూనే. "మీరు వెళ్తానంటే ఆపే హక్కు నాకెక్కడిదత్తయ్యా. కనీసం ఖర్చయినా పెట్టుకుందామని" అన్నాడు. ఇంకేమనాలి ఆ మనిషిని. తిడదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా నొప్పి వచ్చింది. అంతకుముందు వచ్చినవాటికి ఇది అమ్మమ్మ. తుడుస్తున్న గిన్నె ఎక్కడ పడిందో తెలియదు. అతను నన్ను రెండు చేతులతో ఎత్తుకుని మెట్లు దిగాడు. పన్నెండేళ్ళుగా నాకు ఎదురుగా కుర్చీలో కూర్చోని మనిషి.

అమ్మాయి షాపు నుంచి నేరుగా ఆస్పత్రికి వచ్చింది. అక్కడ నర్సు అడిగింది, నొప్పికి పదికి ఎంత వేస్తారు అని. ఆలోచించి నాలుగు అన్నాను. ఆవిడ రాసుకుని, మమ్మల్ని ఆ మూల కూర్చోమంది. మా ముందు చాలామంది ఉన్నారు.

"అమ్మా, నిజం చెప్పు" అంది అమ్మాయి.

"నిజమే చెప్పాను. పదంటే ఇక ఎక్కువ ఉండటానికి వీల్లేదని అర్థం. ప్రసవం ఉంది, కాలిన గాయాలున్నాయి. వాటికి చోటుంచాలిగా."

అమ్మాయి లేచి నర్సు దగ్గరికి వెళ్ళింది. "ఈవిడ లెక్కల టీచరండీ. నేను క్లాసులో ఫస్టు వస్తే పదికి ఏడు వేసింది. ఈవిడ నాలుగంటే మీరు తొమ్మిది రాసుకోండి. కళ్ళు చూడండి" అని, వచ్చి నా ఎండకద్దాలు తనే తీసింది. నర్సు చూసింది. ఆ తర్వాత అందరూ పరుగులే.

పిత్తాశయంలో రాళ్ళు. ఒకటి జారి గొట్టంలో అడ్డం పడింది. చీము పట్టింది. ఇంకో వారం ఆగి విమానం ఎక్కి ఉంటే దిగేది నేను కాదని డాక్టరు చెప్పాడు, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా. ముందు చీము తగ్గించాలని గొట్టం పెట్టి, మందులు ఎక్కిస్తూ పది రోజులు ఉంచారు. రేపు పిత్తాశయం తీసేస్తారు.

మొదటి రెండు రోజులు నాకు నొప్పి కంటే బిల్లు భయమే ఎక్కువ. సూది గుచ్చడానికి వచ్చిన ప్రతివాళ్ళనీ దీనికెంత అని అడిగాను. చివరికి ఆస్పత్రిలో కాగితాలు చూసే అమ్మాయి వచ్చి మంచం పక్కన కూర్చుంది. "ప్రాణం మీదకొచ్చినవాళ్ళని కార్డు లేదని పంపెయ్యమండీ. బిల్లు మాత్రం మీ పేరునే వస్తుంది. మీరు ఆ ఇంట్లో ఉంటున్నట్టు ఇంటావిడ రాసిచ్చి, కొత్త కాగితంలో పేరు ఎక్కిస్తే, కార్డు మీరు ఆస్పత్రికొచ్చిన తేదీ నుంచి ఇవ్వమని మేం రాస్తాం. ఇస్తారో ఇవ్వరో నేను మాటివ్వలేను" అంది. మాటివ్వలేనని చెప్పింది కాబట్టి నమ్మాను.

ఒకటో తారీకున లాండ్రీ ఆవిడ కాగితం పట్టుకుని ఆస్పత్రికే వచ్చింది. నన్ను చూసి మంచం దగ్గర ఆగిపోయింది. "ఈవిడ మీ అమ్మా?" అంది అమ్మాయితో. "రోజూ పిల్లని తీసుకుని మెట్లెక్కి దిగుతుంటే చూస్తున్నాను. జీతానికి పెట్టుకున్న మనిషనుకున్నా. ఎంత బాగా చూసుకుంటుందో, ఇలాంటి మనిషి నాకూ దొరికితే బాగుండునని మా ఆయనతో కూడా అన్నా." అమ్మాయి మొహం చూడాలి మీరు. ఇన్నాళ్ళూ నా ముందు ఏడవని పిల్ల గోడ వైపు తిరిగింది. నాకు మాత్రం నవ్వొచ్చింది, కుట్లు లేవు కాబట్టి నవ్వాను. జీతం ఎంతిద్దామనుకున్నావో చెప్పమన్నాను.

రెండు గదుల్లో నలుగురుండటానికి ఆవిడకి అభ్యంతరం లేదు. నీళ్ళ డబ్బు ఒక మనిషికి పెరుగుతుంది. మీ అబ్బాయి కాగితం నా ముందు పెట్టి కలం ఇవ్వకుండా నిలబడ్డాడు. "చదవనివ్వండి అత్తయ్యని, చదివి ఇష్టమైతేనే" అంటున్నాడు ఇంటావిడతో. మొత్తం చదివాను. రెండు చోట్ల అర్థం అడిగాను. సంతకం పెట్టాను. అద్దెలో నా వంతు ఇక అమ్మాయి చేతికి కాదు, బ్యాంకు నుంచే పోతుంది, ప్రతి నెలా కాగితం మీద కనబడేలా.

ఆ సాయంత్రం అమ్మాయి ఒక్కతే కూర్చుంది. "వెళ్తానంటే నీ ఇష్టమన్నావేమే" అని అడిగాను. "మాతో విసిగిపోయావనుకున్నానమ్మా. ఉండమంటే, ఉండాల్సొస్తుందని ఉంటావు. కళ్ళు కూడా చూశాను ఒకసారి. అడిగితే కసురుతావని భయమేసింది" అంది. ముప్పై ఆరేళ్ళది. తల నిమిరాను. తల దువ్వుకోలేదని మాత్రం అన్నాను.

టిక్కెట్టు రద్దు చేస్తే ముప్పావు వంతు వెనక్కి వచ్చింది. పోయిన పావు వంతు నా పొగరు ఖర్చు కింద రాసుకున్నాను. కార్డు ఇంకా రాలేదు. రేపటి ఆపరేషను కార్డులోకి వస్తుందో, మా నెత్తిన పడుతుందో ఎవరికీ తెలియదు. రాకపోతే నెలనెలా కొంత కట్టుకోవచ్చునని ఆ కాగితాల అమ్మాయి చెప్పింది. ముగ్గురం కూర్చుని, ఎవరెంతో పైకే మాట్లాడుకుని, లెక్క వేశాం. మీ అబ్బాయికి చెమటలు పట్టాయి, కానీ కూర్చున్నాడు. లెక్క కుదురుతుంది, బిగుతుగా. అమ్మాయి పరీక్ష ఫీజు ముట్టుకోలేదు.

తిరిగొచ్చిన మీ ఉత్తరం నిన్న ఫోన్లో చదివి వినిపించారు కదా. మేడ మీద గది సున్నం వేయించి ఉంచానని, అద్దె మాట ఎత్తితే మెట్లు కూడా ఎక్కనివ్వనని రాశారు. విని ఫోను అమ్మాయికిచ్చేశాను. ఇప్పుడు జవాబు చెబుతున్నాను. ఆ గదిలోకి నేను రాను. నేనుండే ఇల్లు ఇది. మీరే ఇక్కడికి వస్తారు. వచ్చేముందు జరగవలసినవి వేరే కాగితం మీద రాస్తున్నాను, గోడకి అంటించుకోండి.

భయంగానే ఉంది వదినా. పదికి ఆరు.

మీ వదిన


ఇక జరగవలసినవి:

1. విమానం ఎక్కేముందే మీరూ అన్నయ్యగారూ పూర్తి పరీక్షలు చేయించుకోండి. ఉన్న జబ్బు ఉన్నట్టు రాయించండి. అన్నయ్యగారి బీపీ దాచవద్దు. దాచితే ఇన్సూరెన్సు వాడు అదే పట్టుకుంటాడు.

2. అయిదో పేరూ ఆరో పేరూ రాయాలంటే ఈ రెండు గదులు చాలవు. మీరు వచ్చేలోగా మూడు గదుల ఇల్లు వెతకాలి. దిగేముందు పోసే మూడు నెలల అద్దెలో మీ వంతు ఎంతో మీరు మీ అబ్బాయికే చెప్పండి. మేనమామని పంపకండి.

3. దిగిన వారంలోనే అద్దె కాగితం మీద సంతకం, పోస్టుపెట్టె మీద పేరు, బ్యాంకు ఖాతా, కార్డుకి అర్జీ. ఇదే వరసలో. తర్వాత అన్న మాట ఎవరైనా అంటే వాళ్ళని నా దగ్గరికి పంపండి.

4. ఆపరేషను అయ్యాక నేను నెల రోజులు బరువులెత్తకూడదట. పిడుగుని బడి నుంచి లాండ్రీ ఆవిడ తెస్తానంది. జీతం మాట్లాడుకోలేదు. మీరు రోజూ ఆ వేళకి పిడుగుతో ఫోన్లో మాట్లాడండి, ఆ బస్సు నంబరు నేర్చుకోండి.

5. ఒకవేళ రేపు నాకు ఏదైనా అయితే, బిల్లు ఎంత వచ్చినా పిల్లలు తలదించుకోకుండా చూసే బాధ్యత మీది. నా పెన్షను బకాయి వివరాలు అమ్మాయికి చెప్పాను. ఏడుపులు తర్వాత, ముందు పరీక్ష రాయించండి.

6. ఆపరేషను గదిలోంచి ఫోన్ చేయవలసిన వాళ్ళ పేర్లు మూడు ఇమ్మన్నారు. అమ్మాయి, అల్లుడు, మీరు. మీ పేరుకెదురుగా వరస ఏమిటని అడిగితే కుటుంబం అని రాయించాను. రేపు అక్కడి సాయంత్రం ఫోన్ వస్తుంది. దాన్ని పూజగదిలో పెట్టి మరిచిపోకండి. చేతిలోనే ఉంచుకోండి.